సొంత కారుకు ఫిట్‌నెస్ చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యేలోగా ఒక విషయం మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈమధ్యే లైసెన్సు చేతికొచ్చిన కుర్రాళ్లు, ఆడపిల్లలు దీన్ని చదివితే మరీ మంచిది. రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం జిల్లాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు పెళ్లికైనా ఆసుపత్రికైనా సరిహద్దు దాటడం మామూలే. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి, బరంపురం నుంచి తప్తపాణి ఘాటీ (కొండదారి) దాటి మోహనా వైపు పోయే రోడ్డు, పార్వతీపురం నుంచి రాయగడ వచ్చే దారి, వీటన్నిటి మీదా ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు స్టీరింగు పట్టుకుని కనబడుతున్నారు. వాళ్ల చేతిలో ఉన్న కారు తరచూ పదేళ్లదో పన్నెండేళ్లదో అయివుంటుంది. నాన్న వాడి పక్కన పెట్టిందో, విశాఖలోనో విజయనగరంలోనో సెకండ్ హ్యాండులో కొన్నదో.

ఇదే ఘాటీ మీద ప్యాసింజర్లను ఎక్కించుకు తిరిగే ట్యాక్సీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండి తీరాలి. కొత్త బండికి మొదటి రెండేళ్లకు ఇస్తారు, ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చూపించాలి. సొంత కారుకు ఆ బాధ లేదు. రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి 15 ఏళ్లు ఆర్సీ చెల్లుతుంది. ఆ 15 ఏళ్లలో బ్రేకు పడుతోందా, టైరులో గాడి మిగిలిందా, స్టీరింగు జాయింట్లు వదులయ్యాయా అని అడిగే అధికారి లేడు. రెన్యువల్‌కు వెళ్లినప్పుడు బండిని చూసి ఇంకో ఐదేళ్లకు కాగితం ఇస్తారు, అంతే. రోడ్డు మీద ఆపితే చూసేవి ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్, లైసెన్సు. పొల్యూషన్ సెంటర్లో మిషను కొలిచేది సైలెన్సర్ లోంచి వచ్చే పొగను. ఆ కాగితం బ్రేకుల గురించి ఒక్క ముక్కా చెప్పదు. పేపర్లన్నీ సరిగా ఉన్నాయి కాబట్టి బండీ సరిగా ఉందనే నమ్మకంతో మన పిల్లలు ఘాటీ ఎక్కుతున్నారు. మా భయం అదే.

ఇంగ్లండులో మూడేళ్లు నిండిన ప్రతి కారునూ ఏటా ఎం.ఓ.టి. అనే పరీక్షకు తీసుకెళ్లాలి. 1960లో అది మొదలైనప్పుడు పదేళ్లు దాటిన బండ్లకే ఉండేది, 1967 నుంచి మూడేళ్లకు దించారు. జపానులో కొత్త కారుకు మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి. మన దగ్గర అలాంటి చట్టం ఎప్పుడొస్తుందో ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. ఆ పరీక్షల్లో చూసేవాటిలో చాలావాటిని ఇంటి ముంగిట్లో, ఏ మిషనూ లేకుండా, పావుగంటలో చూసుకోవచ్చు.

బ్రేకులతో మొదలుపెడతాం. ఘాటీ ప్రాంతంలో ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

ఇంజిన్ ఆపి ఉండగా బ్రేక్ పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి. పెడల్ గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగితే బూస్టర్, అంటే మన కాలి బలాన్ని పెంచే భాగం, పనిచేస్తున్నట్టు. దిగకపోతే బూస్టరో, దానికి గాలి లాగే గొట్టమో పోయినట్టు. ఇప్పుడు ఇంజిన్ నడుస్తుండగానే పెడల్‌ను ఒకే బలంతో అర నిమిషం నొక్కి ఉంచండి. అది మెల్లమెల్లగా నేలవైపు జారిపోతుంటే ఆయిల్‌ను చక్రాలవైపు నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల లీకు ఉంది, లేదా ఎక్కడో గొట్టంలో, చక్రం దగ్గర కారుతోంది. తొక్కినప్పుడు మెత్తగా, స్పంజిలా అనిపిస్తే లైనులో గాలి చేరింది. ఈ మూడింట్లో ఏది కనబడినా ఆ బండి ఆ రోజు ఘాటీ దిగకూడదు. దగ్గర్లోని షెడ్డుకు కూడా మెల్లగానే తీసుకెళ్లండి.

బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు వెనకాల, తెల్లటి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో బ్రేక్ ఆయిల్ ఉంటుంది. మాక్స్, మిన్ గీతల మధ్య ఉండాలి. తగ్గిందని వెంటనే పోసేయడం మన అలవాటు. అది ఎందుకు తగ్గిందో ముందు చూడాలి. డిస్కును పట్టి ఆపే బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ మట్టం కొంచెం కొంచెం దిగడం సహజం. ఒక్క వారంలో దిగితే లీకే. మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. రంగు తేనెలా లేతగా ఉండాలి, నల్లబడితే మార్చే రోజు దాటిపోయింది.

ఈ ఆయిల్ గురించి ఒక సంగతి చాలామందికి తెలియదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ మరుగు స్థాయి 155 దాకా పడిపోవచ్చు. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. మైదానంలో తిరిగేవాడికి ఈ తేడా ఎప్పటికీ తెలియకపోవచ్చు. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఐదుగురు ఎక్కిన, 1,400 కిలోల బరువున్న కారు 700 మీటర్లు కిందికి దిగిందంటే, ఆ బరువు విడిచే శక్తి ముప్పై లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి సరిపోతుంది. దాన్ని ఇంజిన్ పట్టుకోకపోతే, నాలుగు చక్రాల దగ్గరున్న డిస్కులూ డ్రమ్ములూ మింగాలి. తేమ పట్టిన ఆయిల్ అక్కడ మరిగి ఆవిరి బుడగలవుతుంది. ఆయిల్‌ను నొక్కితే బలం చక్రానికి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది ముడుచుకుని ఊరుకుంటుంది. పెడల్ నేలకు ఆనుతుంది, బండి ఆగదు. బండి చల్లారాక మళ్లీ అంతా మామూలుగా ఉంటుంది కాబట్టి "బ్రేక్ ఫెయిల్ అయింది" అన్న కుర్రాడి మాట ఇంట్లోవాళ్లు నమ్మరు కూడా. అందుకే రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించాలి. డబ్బాలోది పీల్చి కొత్తది పోస్తే సరిపోదు, నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేయించాలి, అంటే గొట్టాల్లోని పాత ఆయిల్‌నూ గాలినీ బయటికి వదిలించాలి. సెకండ్ హ్యాండ్ బండికి పాతాయన ఎప్పుడు మార్పించాడో తెలియకపోతే, కొన్న వారంలోనే చేయించేయండి.

దిగేటప్పుడు నడపడమూ మెయింటెనెన్సు కిందికే వస్తుంది. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగాలి, రెండో మూడో. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా ఒకసారి తొక్కి వదలాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్లో దించడం, ఇంకా ఘోరంగా తాళం తిప్పి ఇంజిన్ ఆపేసి దించడం ఇక్కడ ఇంకా ఉంది. ఈనాటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పీల్చడమే ఆపేస్తాయి. న్యూట్రల్లోనే ఐడ్లింగుకు తాగుతాయి. అంటే మిగిలేదేమీ లేదు. ఇంజిన్ ఆపితే రెండు మూడు తొక్కుళ్లకు బూస్టర్ ఖాళీ అయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగు బరువెక్కుతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగు లాకే పడిపోవచ్చు.

బ్రేక్ ప్యాడ్లు కొత్తవి సుమారు పది మిల్లీమీటర్ల మందం ఉంటాయి. మూడు మిల్లీమీటర్లకు వచ్చాయంటే మార్చేయాలి. చాలా కార్లలో అలాయ్ చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూస్తే కనబడతాయి. బ్రేకు వేసినప్పుడల్లా కీచుమని ఈలలాంటి చప్పుడు వస్తే ప్యాడు మీదున్న హెచ్చరిక రేకు డిస్కుకు తగులుతోందన్నమాట. గరగరమని ఇనుము రాసుకునే చప్పుడైతే ప్యాడు అయిపోయింది, ఇప్పుడు డిస్కు తింటోంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పట్టేయడం వల్ల జరగొచ్చు. అలాంటప్పుడు ప్రయాణం తర్వాత ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటుంది. డిస్కును ముట్టుకోకుండా, అరచేయి దగ్గరగా పెట్టి చూస్తే తెలుస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. అంతకుముందు కార్లలో చాలావాటికి అది లేదు. అలాంటి బండిలో తడిరోడ్డు మీద బ్రేకు బిగపట్టి తొక్కితే చక్రాలు బిగుసుకుని జారతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. జారుతోందనిపించిన క్షణంలో కాలు కాస్త వదిలి మళ్లీ తొక్కాలి. ఏబీఎస్ ఉన్న బండిలో పెడల్ గడగడలాడినా కాలు తీయకూడదు. మీ బండిలో ఏది ఉందో ముందే తెలుసుకోండి. తాళం తిప్పగానే మీటరు మీద ఏబీఎస్ దీపం వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఏబీఎస్ లేకపోవచ్చు, లేదా బండి అమ్మినవాడు బల్బు పీకేసి ఉండొచ్చు. రెండోది జరగదని అనుకోకండి.

టైర్ల సంగతి. గాలి ఎంత పెట్టాలన్నది టైరు మీద రాసి ఉన్న అంకె కాదు. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠం. డ్రైవర్ తలుపు తెరిస్తే అది ఆనే స్తంభం మీదో, పెట్రోలు ట్యాంకు మూత వెనకో చిన్న స్టిక్కరు ఉంటుంది. అందులో ఇద్దరు ఎక్కితే ఎంత, నిండా ఎక్కితే ఎంత అని విడివిడిగా ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్య. చల్లటి టైర్ల మీదే కొలవాలి, అంటే పొద్దున్నే, రెండు మూడు కిలోమీటర్లు మించి నడపకముందు. ఘాటీ ఎక్కివచ్చాక కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు గాలి తీసేస్తే తెల్లారేసరికి టైరు తక్కువలో ఉంటుంది. బంకు గేజిని నమ్మకుండా సొంతంగా ఒకటి కొని డ్యాష్‌బోర్డులో పడేయండి. కొన్ని వందల రూపాయలే. నైట్రోజన్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది. పదిహేను రోజులకోసారి మామూలు గాలి చూసుకునేవాడి టైరు, నైట్రోజన్ పట్టించి మూడు నెలలు మరిచిపోయినవాడి టైరుకన్నా బాగుంటుంది.

టైరు గాడుల మధ్యలో అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, అది చట్టం చెప్పిన ఆఖరి హద్దు. మా సలహా అయితే వానాకాలంలోకి 3 మిల్లీమీటర్ల కన్నా తక్కువ గాడితో వెళ్లొద్దు. నీళ్లను పక్కకు తోసేది ఆ గాడే. అది లేనప్పుడు టైరు నీటి పొర మీద తేలుతుంది. అరుగుడు ఎలా ఉందో చూస్తే జబ్బు చెప్పేయొచ్చు. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ, మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, ఒక్క అంచే అరిగితే ఎలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే తీరు) పోయింది, అక్కడక్కడ గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బర్లు పోయాయి. పక్కగోడ మీద బుడగలా ఉబ్బితే లోపల దారాలు తెగినట్టు, అది ఎప్పుడైనా పేలుతుంది, ఆ టైరును స్టెప్నీగా కూడా ఉంచకూడదు. పక్కగోడకు పడిన పంచరు వేయించి వాడకూడదు. టైరు వయసు కూడా చూడాలి. టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అన్న ఇంగ్లిషు అక్షరాల తర్వాత చివర నాలుగు అంకెలుంటాయి, 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. గాడి ఎంత ఉన్నా ఆరేళ్లు దాటిన టైరు రబ్బరు బిగుసుకుపోయి తడిలో పట్టు ఇవ్వదు. కొత్తవని చెప్పి దుకాణంలో మూడేళ్లు పడున్నవి అంటగట్టే ప్రమాదమూ ఉంది, బిగించకముందే అంకెలు చదవండి.

స్టెప్నీలో గాలి నెలకోసారి చూడాలి. చక్రం మార్చేటప్పుడు జాకీ ఎత్తకముందే నట్లను అర చుట్టు వదులు చేయండి. బిగించేటప్పుడు ఎదురెదురు వరసలో బిగించి, బండి దించాక మళ్లీ ఒకసారి. యాభై, వంద కిలోమీటర్లు పోయాక ఇంకోసారి పానా వేసి చూడాలి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి చేయి గానీ తల గానీ పెట్టకండి.

ఇంజిన్ ఆయిల్, కూలెంట్ చాలామంది చూసుకుంటారు కాబట్టి క్లుప్తంగానే చెబుతాం. బండి సమానమైన నేల మీద ఆపి ఐదు పది నిమిషాలయ్యాక ఆయిల్ గేజి లాగి, తుడిచి, మళ్లీ పెట్టి లాగండి. రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఆ రెంటి మధ్య తేడా చాలా కార్లలో ఒక లీటరు దాకా ఉంటుంది. అందుకే తగ్గిందని డబ్బా మొత్తం దొర్లించకండి, ఎక్కువైనా సీళ్లు పోతాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే అందులో నీళ్లు చేరాయి, ఇంజిన్ పైభాగానికి కింద సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. కూలెంట్ డబ్బా మట్టం చల్లగా ఉన్నప్పుడే చూడాలి, వేడి రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకూడదు. బోరు నీళ్లు పోయొద్దు. ఆ నీటి ఉప్పు లోపల పేరుకుని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి, ఆ ఫలితం సుంకి ఎక్కేటప్పుడు ఎండలో కనబడుతుంది. ఎక్కుతుండగా టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ను పూర్తి వేడిలో పెట్టి ఫ్యాన్ ఎక్కువ చేయండి, ఇంజిన్ వేడి కొంత అలా బయటికి పోతుంది. అయినా తగ్గకపోతే, ఆవిరి కనబడితే, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాల్సిందే. దామన్‌జోడి వైపు లారీల దారిలో, కొరాపుట్ ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసినదానికన్నా ముందే నిండిపోతుంది. ఐదువేల కిలోమీటర్లకోసారి తీసి చూడండి. కాగితం ఫిల్టర్ కడగకూడదు. గాలి కొట్టినా శుభ్రంగా ఉన్న వైపు నుంచే కొట్టాలి.

వాల్వులను పిస్టన్లతో కలిపి నడిపే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో అది తెగితే, చాలావాటిలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి, ఖర్చు ఇంజిన్ విప్పేదాకా పోతుంది. మీ బండిలో ఉన్నది బెల్టా, గొలుసా, బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. చాలామంది అడిగేది మాత్రం మైలేజీ గురించి.

లైట్ల దగ్గర కుర్రాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. మామూలు హాలోజన్ బల్బు 60/55 వాట్లది. వెలుగు చాలలేదని 100/90 వాట్ల బల్బు బిగిస్తారు. కంపెనీ వేసిన సన్నటి వైరు, స్విచ్చు ఆ కరెంటుకు తట్టుకునేవి కావు. హోల్డర్ కరుగుతుంది, డ్యాష్‌బోర్డు వెనక కాలిన వాసన వస్తుంది, పూర్తిగా ఆరిపోయేది మాత్రం ఘాటీ మలుపులోనే. వెలుగు చాలకపోవడానికి అసలు కారణాలు వేరు. హెడ్‌లైట్ ప్లాస్టిక్ పచ్చబడి మసకేయడం, ఎర్త్ వైరు తుప్పు పట్టడం, బీము పైకో కిందికో తిరిగి ఉండడం. ముందు వాటిని బాగుచేయించండి. చలికాలం కొరాపుట్, సెమిలిగూడ వైపు తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంటుంది. లో బీములోనే వెళ్లాలి, హై బీము వేస్తే మంచే తెల్లగా తిరిగి మన కళ్లలో కొడుతుంది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేస్తే వెనకవాడికి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. వైపర్ రబ్బరు ఏడాదికోసారి వానలకు ముందే మార్చాలి. బ్యాటరీ మూడు నాలుగేళ్లకు మించి నమ్మకండి. ఇంజిన్ ఆపి గంటలయ్యాక మల్టీమీటర్లో 12.6 వోల్టులు చూపిస్తే నిండా ఉన్నట్టు, 12.2 దగ్గరుంటే సగమే. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య రాకపోతే తప్పు డైనమోది, కొత్త బ్యాటరీ కొన్నా లాభం ఉండదు.

వానాకాలం నాగావళి, వంశధార పొంగితే రాయగడ, గుణుపురం చుట్టుపక్కల కల్వర్టుల మీద నీళ్లు పారుతుంటాయి. పారే నీళ్లు చక్రంలో సగం ఎత్తు వచ్చాయంటే దిగొద్దు. కారు తేలికైపోయి కొట్టుకుపోవడానికి అంతకన్నా పెద్ద లోతు అవసరం లేదు. నిలిచిన నీళ్లలో దిగక తప్పకపోతే మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఒకేలా ఉంచి, మధ్యలో ఆపకుండా దాటాలి. బయటికొచ్చాక బ్రేకు మెల్లగా నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టండి. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టనే కొట్టొద్దు. గాలితో పాటు సిలిండర్లోకి నీళ్లు పోయి ఉంటాయి, నీళ్లు నొక్కుకుపోవు, పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలా మీరు సెల్ఫ్ కొట్టడం వల్ల పోయిన ఇంజిన్‌కు మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా డబ్బివ్వదు. దానికి విడిగా ఇంజిన్ ప్రొటెక్షన్ కట్టి ఉండాలి. తోయించి బయటికి తీసి షెడ్డుకు లాక్కెళ్లడమే అన్నివిధాలా చవక.

ఇక సరిహద్దు మాట. ఆంధ్రా నుంచి ఇటు వచ్చే సెకండ్ హ్యాండ్ కార్లలో విశాఖ, శ్రీకాకుళం తీరం వైపు తిరిగినవి చాలా ఉంటాయి. పైన రంగు మెరుస్తుంటుంది, కింద సముద్రపు గాలి తిన్న తుప్పు ఉంటుంది. కొనకముందు బండిని రాంపు మీదికి ఎక్కించి తలుపుల కింది పట్టీలు, జాకీ పెట్టే చోట్లు, షాక్ అబ్జార్బర్ పైభాగం బిగించిన రేకు, బ్రేక్ గొట్టాలు టార్చి వేసి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తడితే గట్టి రేకు టంగుమంటుంది, తుప్పు పట్టింది బొదబొదమంటుంది. సీటు బెల్టు చివరిదాకా లాగండి, అంచున బురద గీత ఉంటే వరదలో మునిగిన బండి. మీటరు యాభైవేలు చూపిస్తుంటే పెడళ్ల రబ్బరు, స్టీరింగు తోలు నున్నగా అరిగిపోయి ఉండకూడదు. రాత్రంతా ఆగిన బండినే పొద్దున మీ ముందు స్టార్ట్ చేయించండి, ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజిన్ సగం జబ్బులు దాచేస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది.

కాగితాల్లో మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఉంది. వేరే రాష్ట్రం నంబరున్న బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం), ఫారం 28, తెచ్చుకోవాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. వేరే రాష్ట్రంలో కొన్న బండికి కొన్నవాళ్లు 30 రోజుల్లోగా తమ ఆర్టీవోకు తెలియజేయాలి. పాతాయన బ్యాంకు అప్పు తీరిందని ఫారం 35 ఉందో లేదో డబ్బిచ్చే ముందే చూసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఏపీ 30, ఏపీ 35 నంబర్లతో, పాత యజమాని పేరు మీదే, ఏళ్ల తరబడి పర్లాకిమిడిలోనూ రాయగడలోనూ తిరుగుతున్న కార్లు కోకొల్లలు. ఇన్సూరెన్సు కూడా కొన్న 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోవాలి. మార్పించకపోతే ఎదుటివాడికి జరిగిన నష్టానికి పాలసీ పనిచేస్తుంది గానీ మీ బండి నష్టానికి కంపెనీ అభ్యంతరం చెబుతుంది. పాతాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు.

షెడ్డుకు వెళ్లినప్పుడు మార్చిన ప్రతి పాత పార్టూ చేతికిమ్మని అడగండి. అడిగినందుకు ఏ నిజాయితీ ఉన్న మెకానిక్కూ నొచ్చుకోడు. ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం మార్చారో ఒక నోట్‌బుక్కులో రాసి డ్యాష్‌బోర్డులో ఉంచండి. తండ్రి నుంచి కొడుకుకు బండి మారే ఇళ్లలో ఆ పుస్తకం లేకపోవడం వల్లే బ్రేక్ ఆయిల్, టైమింగ్ బెల్టు ఎవరికీ గుర్తులేకుండా పోతున్నాయి.

రెండు విన్నపాలు. మొదటిది రెండు రాష్ట్రాల రవాణా శాఖలకు. బ్రిటన్‌లో లైసెన్సు పరీక్షకు వచ్చిన పిల్లలను పరీక్షించే అధికారి బండి గురించి కూడా ప్రశ్నలు అడుగుతాడు. బ్రేకులు సరిగా ఉన్నాయని ఎలా చూస్తావు, టైరు గాలి ఎంతుండాలో ఎక్కడ తెలుస్తుంది అని. ఇక్కడి ఆర్టీవోల్లోనూ ఎనిమిది అంకె తిప్పించాక బానెట్ ఎత్తించి, బ్రేక్ ఆయిల్ డబ్బా చూపించమని, టైరులో గట్టు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమని అడగండి. దానికి కొత్త చట్టమో కొత్త మిషనో అక్కర్లేదు. జూన్ మొదటి వారంలో సాలూరు వైపు, సెమిలిగూడ వైపు ఘాటీ మొదట్లో సొంత కార్లకు జరిమానా లేకుండా బ్రేకులు, టైర్లు, లైట్లు మాత్రమే చూసిపెట్టే శిబిరం రెండు రోజులు పెడితే, మా చుట్టుపక్కల షెడ్ల వాళ్లం కూలి తీసుకోకుండా వచ్చి పనిచేస్తాం.

రెండోది మీకు. బండితో వచ్చే పుస్తకాలు చాలావరకు ఇంగ్లిషులో, హిందీలో ఉంటాయి. ఒడిశాలో ఉన్న మా పిల్లల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవాళ్లు ఎక్కువ. పైన రాసినవాటిలో పొద్దున బయల్దేరే ముందు చూడాల్సినవి, నెలకోసారి చూడాల్సినవి, రెండేళ్లకోసారి మార్చాల్సినవి విడదీసి, కత్తిరించి డ్యాష్‌బోర్డులో పెట్టుకునే కొలతలో మీ జిల్లా పేజీలో ఒక పట్టిక వేయండి. తెలుగులో మేం రాసి పంపిస్తాం. పక్కనే ఒడియాలో కూడా వేయగలిగితే బండి ఎవరింటి ముందు ఆగినా పనికొస్తుంది.

ఇట్లు,
మోటారు షెడ్ల మెకానిక్కులు కొందరు,
రాయగడ, ఒడిశా